ఒక్క బుడ్డకేమైతాది?

మాది రొద్దం. పెన్న ఒడ్డు. పెన్నలో నీళ్లు ఎప్పుడో గాని కనబడవు కాబట్టి ఏటి ఒడ్డు ఊరు అనేదానికంటే బుడ్డల ఊరు అంటేనే న్యాయం. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే సీమ ఇది. ఆ సగటు కూడా కాగితం మీద పడినంత బాగా చేను మీద పడదు. అనంతపురం ఒకటే జిల్లాగా ఉన్న రోజుల్లో లక్షల హెక్టార్లలో బుడ్డల పంటే వేసినాము. 2022 ఏప్రిల్‌లో జిల్లా చీలి శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చినాము గాని, చేలో బుడ్డ బుడ్డగానే ఉంది. ముంగారు వానలకు ముందు ఊరంతా అరుగుల మీద కూర్చుని విత్తనం కాయలు వలుస్తుంది. తినేదానికి బుడ్డలు, తాలింపుకు బుడ్డల నూనె, పశువుకు బుడ్డల కట్టె, పొయ్యిలోకి బుడ్డల పొట్టు.

అట్లాంటి ఇంటికి పోయిన వేసవిలో మా అక్క కూతురు అమెరికా నుంచి తన తొమ్మిదేళ్ల పాపను తీసుకుని ఇరవై రోజులకని వచ్చింది. పాపకు బుడ్డలు పడవు. 'పడవు' అంటే మా లెక్కలో కడుపుబ్బరం. అక్క కూతురి లెక్కలో ప్రాణం. ఆ రెండు లెక్కల నడుమ ఇరవై రోజులు గడిపి గడించిన అనుభవంతో, ఇట్లాంటి చుట్టం వచ్చే ఇళ్లవాళ్ల కోసం ఈ పన్నెండు సలహాలు రాస్తున్నాను. మర్యాద తెలిసినవాళ్లు మాత్రమే పాటించండి.

1. ఎప్పుడూ ఒక పేరుతో పిలవకండి

పాప మెడలో ఒక అట్టముక్క వేలాడుతుండేది. దాని మీద తెలుగులో 'నాకు వేరుశనగ అలర్జీ' అని రాసి ఉంది. వేరుశనగ అనే మాట వ్యవసాయాఫీసరుది, రేడియోది. రొద్దంలో ఆ మాట అన్న మనిషిని నేను చూడలేదు. మాకు అవి బుడ్డలు, శనక్కాయలు. వలిస్తే ఇత్తనాలు. తెలంగాణవాళ్లకు పల్లీలు. హిందూపురం దాటి గౌరీబిదనూరు పక్కకు పోతే కడలేకాయి, ఇంకా పైకి పోతే శేంగా. ఇక ఉత్త శనగలంటే వేరే పంట, మేము పప్పుశనగ అంటాము. శనగపిండి వచ్చేది దాన్నుంచి. శనగనూనె వచ్చేది మాత్రం బుడ్డల నుంచి. ఇంత గొప్ప ఏర్పాటు మన పెద్దలు ఊరికే చెయ్యలేదు.

ఉగ్గాణి బండి దగ్గర అక్క కూతురు అడిగింది: "అన్నా, దీంట్లో పల్లీలు ఉండాయా?"

"పల్లీలు యాడివమ్మా మా తావ! ఉత్త ఇత్తనాలే."

ఆ రాత్రే ఆమె కొత్త అట్ట తయారు చేసింది. తెలుసుకున్న పేర్లన్నీ వరసగా రాసి, పక్కన కాయ బొమ్మ, పగలగొట్టిన కాయలో రెండు విత్తనాల బొమ్మ వేసింది. వెనక పక్క కన్నడంలో రాయించింది. చదువు రానివాడికి కూడా తెలిసిపోయేటట్లుంది. ఇట్ల చేస్తే ఊళ్లో ఇక ఎవరూ పొరబడే వీలుండదు. కాబట్టి చెయ్యకండి.

2. హోటల్లో వంటమనిషిని కాదు, బిల్లు రాసేవాడిని అడగండి

దేవనహళ్లి విమానాశ్రయం నుంచి 44వ నంబరు జాతీయ రహదారి మీద చిక్కబళ్లాపురం, బాగేపల్లి, కొడికొండ మీదుగా వస్తుంటే దోవ పొడుగునా టిఫిన్లే. మేము ఒకచోట ఆపినాము. తెల్ల చట్నీ వచ్చింది. నేను అడిగినాను: "బుడ్డలు లేవు గదా?" వాడు తల ఊపినాడు. మన దేశంలో తల ఊపడం అవునో కాదో ఊపినవాడికే తెలియదు. నాకు తృప్తి కలిగింది.

అక్క కూతురు ఊరికే కూర్చోలేదు. లేచి వంటగది గుమ్మం దగ్గరికి పోయి, "చట్నీ బాగుందన్నా, ఏమేమి ఏస్తారు?" అని అడిగింది. వంటాయన పొంగిపోయినాడు. కొబ్బరి, పుట్నాలు, పచ్చిమిరపకాయలు, అల్లం. "చిక్కదనానికి గుప్పెడు ఇత్తనాలు కూడా వేస్తామమ్మా, అదే గుట్టు."

'ఉందా' అని అడిగితే 'లేదు' అంటారనీ, 'ఎట్ల చేస్తారు' అని అడిగితే నిజం చెప్తారనీ ఆమె వాదన. గుట్టు రట్టు చేయించే ఇట్లాంటి ప్రశ్నలు వేసి వంటవాళ్ల పరువు తియ్యకండి. పాప ఆ పూట వాళ్లమ్మ వెంట తెచ్చిన నెయ్యి, చక్కెరతో ఇడ్లీ తినింది. ధర్మవరం జంక్షన్లో రైలెక్కినప్పుడు కూడా అంతే, చిక్కీలు అమ్మేవాళ్లు ఎంత అరిచినా సంచిలో డబ్బా విప్పి చపాతీ తినేది. చూసేదానికి నాకే నామోషీ.

3. ఏరి పక్కన పెట్టి తినమనండి

మా వంటలో బుడ్డ కనబడే చోట్లు కొన్నే: చిత్రాన్నం, పులిహోర, ఉగ్గాణి, నిప్పట్లు. కనబడని చోట్లు చాలా: ఊరిబిండి, గుత్తివంకాయ మసాలా, శనక్కాయల పొడి, కూరలో చిక్కదనం, ఓళిగలో పూర్ణం. కనబడేవి ఏరెయ్యండి. కనబడనివి కనబడవు కాబట్టి లేనట్లే.

మంచి కళ్లద్దాలు పెట్టుకుని ఒక ముసలాయన కూర్చుంటే పళ్లెం చిత్రాన్నంలో ఒక్క ఇత్తు కూడా మిగలదు. అక్క కూతురు ఏమంటుందంటే, అలర్జీ వచ్చేది గింజ నుంచి కాదట, గింజలోని ప్రోటీను నుంచట. అది నూనెతో, పొడితో అన్నం మెతుకు మెతుక్కీ పట్టి ఉంటుందట. గింజను తీసేస్తే తీసింది గింజనేనట. ఊరిబిండి రుబ్బిన మిక్సీ జారు కడిగి అందులోనే కొబ్బరి చట్నీ వేసినా, పులిహోర గరిటెతో పెరుగన్నం వడ్డించినా అదే కథ అట. వేయిస్తే ఆ ప్రోటీను ఇంకా మొండిగా తయారౌతుందనీ, ఉడకబెడితే కొంత నీళ్లలోకి పోతుంది గాని ఉడకేసిన బుడ్డలు కూడా పాపకు విషమేననీ చెప్పింది.

నేను వినలేదు. ఈ సలహా గుర్తు పెట్టుకోండి, పదో సలహాలో మళ్లీ పని పడుతుంది.

4. గానుగ నూనె వాడండి, అది పరిశుద్ధం

ఫ్యాక్టరీ నూనెను బాగా వేడి చేసి, శుద్ధి చేసి, వాసన తీసేస్తారు. అందులో ప్రోటీను దాదాపు మిగలదట. గానుగలో ఆడించిన నూనెలో వాసన ఉంటుంది, రుచి ఉంటుంది, ప్రోటీను కూడా ఉంటుంది. ఆరోగ్యానికని పట్నంవాళ్లు ఇప్పుడు ఎగబడి కొనేది దీన్నే. పాపకు ఆరోగ్యం కావాలా వద్దా? మా అక్క ఆ ఇరవై రోజులూ పొద్దుతిరుగుడు నూనె తెప్పించింది. ఆ నూనెలో వేసిన బజ్జీ గురించి నేను ఏమీ మాట్లాడదలచుకోలేదు.

5. కొద్దికొద్దిగా అలవాటు చెయ్యండి

"ఈ పొద్దు సగం బుడ్డ, రేపు ఒకటి. వారానికి సరిపోతాది" అని నేను చెప్పినాను. దానికి అక్క కూతురు నాకు ఒక కుక్క కథ చెప్పింది. 1902లో ఫ్రాన్సులో రిషే, పోర్టియే అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు అచ్చం నా మాదిరే ఆలోచించినారట. సముద్రపు జీవి విషాన్ని కుక్కలకు కొద్దిగా ఇచ్చి అలవాటు చేద్దామనుకున్నారు. మొదటిసారి తట్టుకున్న కుక్కకు కొన్ని వారాల తర్వాత మళ్లీ కొద్దిగానే ఇస్తే, నిమిషాల్లో ఊపిరాడక పడిపోయి చచ్చింది. ఒళ్లు అలవాటు పడలేదు, పగ పట్టింది. దానికి రిషే 'అనఫిలాక్సిస్' అని పేరు పెట్టినాడు. 1913లో నోబెల్ బహుమతి వచ్చింది.

"నోబెల్ వచ్చింది గదా, మరి?" అన్నాను.

"కుక్క చచ్చింది గదా మామా."

కొద్దికొద్దిగా ఇచ్చే వైద్యం నిజంగానే ఉందట. 2020లో అమెరికాలో ఒక మందు పొడికి అనుమతి కూడా ఇచ్చినారు. ఐతే మొదలుపెట్టేది ప్రోటీను అర మిల్లీగ్రాముతో, అదీ డాక్టరు ఎదురుగా, ప్రాణం కాపాడే సూది పక్కన పెట్టుకుని. ఒక్క ఇత్తులో ఉండేది సుమారు 250, 300 మిల్లీగ్రాములు. అంటే నేను చెప్పిన 'సగం బుడ్డ'లోని ఒక ఇత్తు వాళ్లు చెప్పే మొదటి మోతాదుకు ఐదారు వందల రెట్లు. లెక్కలో నేను ఎప్పుడూ ధారాళమే.

6. 'మా కాలంలో ఇవన్నీ లేవు' అని రోజుకు మూడుసార్లు అనండి

పొద్దున, మధ్యాహ్నం, రాత్రి, తిన్న తర్వాత. అలర్జీ అనే మాటే 1906లో వియన్నాలో ఫాన్ పిర్కే అనే పిల్లల డాక్టరు పుట్టించినాడట. మాట లేనప్పుడు రోగం ఎక్కడిది? పేరు పెట్టని రోజుల్లో పిల్లలు 'దిష్టి తగిలి', 'గాలి సోకి' పోయేవాళ్లు. అదే బాగుండేది.

ఈ సలహాలో ఒకచోట నేను గెలిచినాను, రాసి పెట్టుకోండి. "మా పిల్లోళ్లు పండ్లు రాకముందే ఊరిబిండి నాకుతారు, మాలో ఒక్కరికీ లేదు" అన్నాను. అక్క కూతురు ఒప్పుకుంది. 2015లో లండన్‌లో 640 మంది పసిపిల్లల మీద చేసిన పరీక్షలో, అలర్జీ వచ్చే అవకాశం ఎక్కువున్న బిడ్డలకు ఏడాది నిండకముందే బుడ్డల తిండి పెట్టడం మొదలుపెడితే, ఐదేళ్లకు అలర్జీ వచ్చినవాళ్లు 80 శాతం తగ్గినారట. అంతకుముందు అమెరికా డాక్టర్లే మూడేళ్లదాకా పెట్టొద్దని చెప్పి, 2008లో ఆ మాట వెనక్కి తీసుకున్నారట. ఐతే అది ఇంకా అలర్జీ రాని పసిబిడ్డల సంగతనీ, వచ్చిన పిల్లకు ఆ తలుపు మూసుకుపోయిందనీ ఇంకా ఏదో చెప్పింది. గెలిచిన తర్వాత మాటలు వినే అలవాటు నాకు లేదు.

ఇంకో దెబ్బ కూడా వేసినాను. కర్ణాటకలో పెద్దవాళ్ల మీద జరిగి 2016లో అచ్చైన ఒక పరిశీలనలో, రక్తపరీక్షలో ఏదో ఒక తిండికి సూచన కనబడినవాళ్లు నాలుగో వంతుకు పైగా ఉంటే, నిజంగా అలర్జీ అనదగ్గవాళ్లు నూటికి ఒకరి కంటే కొంచెమే ఎక్కువట. "చూసినావా, నూటికి ఒక్కరు!" అన్నాను.

"ఆ ఒక్కరు మనింట్లో ఉంది మామా" అంది.

7. ప్రసాదానికి, పెళ్లికి అలర్జీ ఉండదు

లేపాక్షికి పోయినాము, కదిరి నరసింహస్వామి దగ్గరికి పోయినాము, పెనుకొండ బాబయ్య దర్గాకు పోయినాము. 1565 తర్వాత విజయనగరం రాజులు రాజధానిని పెనుకొండకు తెచ్చుకున్నారని పాపకు చెప్పి, "కృష్ణదేవరాయలు కూడా ఈ బుడ్డలు తినే అంత బలంగా ఉండె" అని కలిపినాను. పాప ఫోన్లో చూసి, బుడ్డలు దక్షిణ అమెరికా నుంచి వచ్చిన పంట అని చెప్పింది. అమెరికా పిల్లకు రొద్దం బుడ్డ పడదు. రొద్దంవాళ్లం అమెరికా బుడ్డ మీద బతుకుతున్నాము. దీన్ని గురించి ఎక్కువ ఆలోచించకండి.

అసలు సంగతి ప్రసాదం. ఎవరన్నా దొన్నెలో పులిహోర పెడితే, 'దేవుడి సొమ్ముకు ఏమీ కాదు' అనాలి. పాప ఏం చేసేదంటే, రెండు చేతులతో తీసుకుని, కళ్లకద్దుకుని, వాళ్లమ్మ చేతికిచ్చేది. తర్వాత చెయ్యి కడుక్కునేది. పెట్టినాయన నొచ్చుకోలేదు, ఆశీర్వదించినాడు. పెళ్లిలోనూ అంతే. పంక్తిలో కూర్చుని, అరటాకులో ఇంటి నుంచి తెచ్చిన అన్నం పెట్టుకుని, అందరితో పాటు నవ్వుతూ తినింది. పక్కనున్న పిల్లలకు అట్ట చూపించి కథ చెప్పింది. మర్యాద చెడకుండా ప్రాణం కాపాడుకోవచ్చని తెలిస్తే మాబోటి బలవంతపు వడ్డనగాళ్ల గతేమిటి?

8. పొట్లాల మీద అక్షరాలు చదవకండి

చాలా చిన్నగా ఉంటాయి, కళ్లు పోతాయి. మన దేశపు 2020 లేబులింగు నిబంధనల్లో పాలు, గుడ్లు, చేపలు, సోయా, గోధుమ, వేరుశనగ లాంటివి ఉంటే విడిగా ప్రకటించాలని ఉంది. పెనుకొండ దగ్గర కియా కార్ల ఫ్యాక్టరీ వచ్చినాక కొరియా తినుబండారాలు కూడా చూస్తున్నాము, వాటి మీదా ఇట్లాంటి జాబితా ఉంటుంది. విడిగా కట్టిన మిక్స్చరు పొట్లం మీద మాత్రం ఏమీ ఉండదు, దారం ఉంటుంది. నిశ్చింతగా అదే కొనండి.

9. మందును బీరువాలో దాచండి

అక్క కూతురు దగ్గర పెన్ను ఆకారంలో రెండు సూదిమందులు ఉన్నాయి. ఎడ్రినలిన్. మన పక్క మందుల షాపుల్లో ఆ పెన్ను అడిగితే రాసే పెన్ను చూపిస్తారు. ఇక్కడి ఆసుపత్రుల్లో ఉండేది చిన్న గాజు ఆంపూలు, సిరంజి. అంత అరుదైన వస్తువు, అంత ఖరీదు, ఎక్కడపడితే అక్కడ పెడతారా? నేను తీసుకుపోయి బీరువాలో బంగారం పక్కన పెట్టి తాళం వేసి, తాళంచెవి మా అక్క కొంగుకు కట్టినాను. మా అక్క రోజూ పొద్దున కసువు కొట్టేదానికి కొట్టం దగ్గరికి పోతుంది.

వెనక్కి తీసిచ్చిన తర్వాత ఫ్రిజ్జులో పెడదామన్నాను, వద్దన్నారు. కారులో పెడదామన్నాను, వద్దన్నారు. మామూలు గది వేడిమిలో, ఎండ తగలకుండా, పాప ఎక్కడుంటే అక్కడ, రెండూ కలిసి ఉండాలట. పాప నడుముకు చిన్న సంచి కట్టుకుని తిరిగింది. ఏటికి పోయినా, మేడ మీద పడుకున్నా అదే సంచి. బంగారం కంటే ఎక్కువగా చూసుకున్న వస్తువును నేను దాచలేకపోవడం మా వంశంలో ఇదే మొదలు.

10. ఏమన్నా జరిగితే, ముందు గుమిగూడండి

పదకొండో రోజు సాయంత్రం. అరుగు మీద నేను బొరుగులు తింటున్నాను, ఇత్తనాలు కలిపినవి. పాప పక్కకొచ్చి కూర్చుంది. మూడో సలహా ప్రకారం కళ్లద్దాలు పెట్టుకుని ఇత్తనాలన్నీ ఏరి, ఉత్త బొరుగులు రెండు గుప్పిళ్లు ఇచ్చినాను. పాప అడిగింది: "తాతా, దీంట్లో లేవు గదా?"

"లేవు నాయనా. నేనే ఏరినా."

పది నిమిషాలు కూడా కాలేదు. పెదవులు ఉబ్బినాయి, మెడ మీద దద్దుర్లు లేచినాయి. దగ్గు మొదలైంది, గొంతు మారింది, వాంతి చేసుకుంది. అప్పుడు మేము మన పద్ధతి ప్రకారం చెయ్యవలసినవన్నీ మొదలుపెట్టినాము. ఒకరు వేడి చేసిందన్నారు. ఒకరు దిష్టి తీస్తామన్నారు. ఒకరు నిమ్మకాయ నీళ్లు తెచ్చినారు. ఎదురింటాయన సిట్రిజిన్ మాత్ర తెచ్చినాడు. ఇంకొకరు ఊళ్లో సూదులేసే ఆయనకు ఫోను చేసినారు. నేను పాపను లేపి, గాలాడేటట్లు అటూ ఇటూ నడిపిద్దామని చెయ్యి పట్టుకున్నాను.

అక్క కూతురు మమ్మల్ని నెట్టుకుని వచ్చింది. పాప సంచిలోని పెన్ను తీసింది, తొడ బయటి పక్కన గుడ్డ మీదనుంచే గట్టిగా పొడిచి పట్టుకుంది. వాంతి గొంతుకు అడ్డం పడకుండా పాపను పక్కకు తిప్పి పడుకోబెట్టింది. "లేపద్దు మామా, లేపితే గుండెకు రక్తం అందదు" అంది. 108కు ఫోను చేయించి, టైము చూసుకుంది. ఐదు నిమిషాలకు తేరుకోకపోతే రెండోది వెయ్యాలని చేతిలో పట్టుకుని కూర్చుంది. వెయ్యాల్సిన పని పడలేదు. దగ్గు తగ్గింది, పాప కళ్లు తెరిచి "సారీ తాతా" అంది. ఎందుకు సారీ చెప్పిందో నాకు ఇప్పటికీ తెలియదు.

బాగైపోయింది గదా, ఇంకా ఆసుపత్రి ఎందుకన్నాను. మందు పని తీరిపోయిన తర్వాత, ఇంకేమీ తినకపోయినా, కొన్ని గంటలకు మళ్లీ తిరగబెట్టవచ్చట. ఆ రాత్రంతా ఆసుపత్రిలో ఉన్నాము. సిట్రిజిన్ దురదను తగ్గిస్తుందే గాని మూసుకుపోయే గొంతును తెరవదనీ, పడిపోయే బీపీని లేపదనీ, దానికోసం ఆగితే ఆలస్యమైపోతుందనీ అక్క కూతురు చెప్పింది. అక్కడి డాక్టరమ్మ కూడా అదే చెప్పింది. ఇద్దరూ కూడబలుక్కున్నట్లుంది.

ఆ రాత్రి బెంచీ మీద కూర్చుని నా చేతులు చూసుకుంటూ ఉన్నాను. వేలిగోళ్లలో బుడ్డల పొట్టు ఎర్రగా ఉంది.

11. మన పాత విద్యలను పొరబాటున కూడా వాడకండి

మర్నాడు మా అక్క వంటగది సంగతి తన చేతిలోకి తీసుకుంది. బుడ్డల డబ్బాలు, మిక్సీ జారు, చెక్క గరిటెలు, ఇనప బాణలి అన్నీ కొట్టంలోకి పోయినాయి. కొత్త గరిటెలు, కొత్త జారు వచ్చినాయి. పాపకు వేరే పళ్లెం, వేరే గ్లాసు. వంట ముందు పాపకు వండి, మూత పెట్టి, తర్వాతే మిగిలినవాళ్లకు. బయటినుంచి వచ్చినవాళ్లు చేతులు కడగందే గడప దాటకూడదు. "ఈ ఇంట్లో బుడ్డ అంటు" అని చెప్పేసింది.

"ఇదంతా నీకు ఎవరు నేర్పినారక్కా?"

"నేర్పేదేముంది? మన నాయన అయ్యప్ప మాల వేసుకున్నప్పుడు నలభై ఒక్క రోజులు ఇట్ల చెయ్యలేదా? ఏకాదశికి చెయ్యలేదా? పెద్దమ్మ మడి వంటకు మైల చీర తగిలితే మళ్లీ మొదటినుంచి వండలేదా?"

నిజమే. మాలలో ఉన్న స్వామికి ఎవరూ 'ఒక్క ముక్క తింటే ఏమైతాది' అనరు. ఉపవాసం ఉన్న ఆమె పళ్లెంలో ఎవరూ ఉల్లిపాయ వెయ్యరు. మాంసం వండిన గిన్నె వేరు, పప్పు గిన్నె వేరు. ఇంతెందుకు, మా చిన్నప్పుడు టీ బంకుల్లో కొందరికి గ్లాసు వేరుగా పెట్టి, వాళ్లే కడుక్కుని బోర్లించి పొయ్యేటట్లు చేసిన ఊళ్లు ఈ సీమలో ఎన్ని లేవు! ఏది దేనికి తగలకూడదో, ఎవరి చెయ్యి ఎక్కడ పడకూడదో మనకు తెలిసినంత బాగా ఏ అమెరికా డాక్టరుకూ తెలియదు. దేవుడి కోసం చేసినాము, మనుషులను దూరం పెట్టేదానికి చేసినాము. ఒక పిల్ల ఊపిరి కోసం చెయ్యమంటే మాత్రం, 'అంత పట్టింపు ఎట్ల కుదురుతుందమ్మా' అంటాము.

అదే అనండి. మా అక్క మాదిరి ఒక్కరు మొదలుపెడితే, ఇంతకాలం గ్లాసులు వేరు పెట్టిందంతా ఎందుకని ఎవరన్నా అడుగుతారు.

12. చేతులు కడుక్కోకండి, శానిటైజరు చాలు

కరోనా నాటి సీసా ఒకటి మిగిలి ఉంటే అదే రాసుకుని గడప దాటబోయినాను. పాప అడ్డం నిలబడింది. శానిటైజరు క్రిములను చంపుతుందట, బుడ్డ ప్రోటీనును తియ్యదట. అది క్రిమి కాదు, చచ్చేదానికి. ఉత్త నీళ్లు చాలవట. సబ్బు పెట్టి, వేళ్ల సందులు, గోళ్లు రుద్ది కడగాలట. డెబ్బై ఏళ్ల మనిషికి చేతులు కడుక్కోవడం నేర్పించిన పిల్లను నేను ఇదివరకు చూడలేదు.

ఇక ఆఖరి రోజు. రొద్దం నుంచి పొయ్యే చుట్టానికి బుడ్డల మూట కట్టడం మా ఆచారం. కొత్త కదిరి రకాలవి, నున్నటి కాయలు, పది కిలోలు ముందే కట్టి పెట్టినాను. మీరు కూడా కట్టండి, వద్దన్నా పెట్టెలో దూర్చండి. నాదైతే కొట్టంలోనే ఉండిపోయింది. బరువు ఎక్కువౌతుందని తియ్యవలసి వచ్చింది, అంతే. దాని బదులు మా అక్క హిందూపురం చింతపండు, బెల్లం, రాగిపిండి కట్టింది. అవి కూడా పది కిలోలే.

ఇది చదివి నేను మారినానని ఎవరన్నా అనుకుంటే పొరబాటు. దేవనహళ్లి దగ్గర టీ కోసం ఆగినప్పుడు చేతులు జిడ్డుగా ఉంటే సబ్బు అడిగి కడుక్కున్నాను. గోళ్లు కూడా జిడ్డుగానే ఉండినాయి.

విమానాశ్రయం తలుపు దగ్గర పాప నా చెయ్యి తీసుకుని వాసన చూసింది.

సబ్బు వాసన. పట్టుకుంది.